గేదె మూత్రం ఎర్రగా వస్తే? ఒక్క చుక్క రక్తం చెప్పే కథ

(ఈ ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే, చదవడానికి వీలుగా కొంచెం సర్ది ఇస్తున్నాం.)

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం వేరు. కొత్త ఫోన్ రివ్యూ లేదు, ఏఐ టూల్ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ అసలే లేవు. ఒక గేదె ఉంది, ఒక చుక్క రక్తం ఉంది, ఆ చుక్కని చదవడం కోసం కెరీర్ మొత్తం పెట్టేసిన ఒక సైంటిస్ట్ ఉన్నాడు. చివరిదాకా చూడండి. మీ ఇంట్లో పాడి ఉన్నా, కుక్క ఉన్నా, బైపీసీ చదివే తమ్ముడో చెల్లో ఉన్నా పనికొస్తుంది.

ముందు గేదె సంగతి చెప్తా.

మాది బోనకల్. ఖమ్మం నుంచి విజయవాడ వైపు ప్యాసింజర్ రైలెక్కితే మధిర కంటే ముందు వచ్చే స్టేషన్. మా అమ్మమ్మకి ఒక గ్రేడెడ్ ముర్రా గేదె ఉండేది. నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు అది నాలుగో ఈత ఈనింది. పూటకి 5 లీటర్లు ఇచ్చేది. "నీ హాస్టల్ ఫీజు సగం గేదె కట్టింది, సగం మీ నాన్న కట్టాడు" అని ఇంట్లో నన్ను ఆటపట్టించేవాళ్లు. లెక్క చూస్తే అది జోక్ కాదు, నిజమే.

ఈనిన మూడో వారంలో ఒకరోజు అమ్మమ్మ ఫోన్ చేసింది. "గేదె మూత్రం టీ డికాషన్ లాగా వస్తుంది రా, పాలు కూడా సగానికి పడిపోయినయ్" అంది. ఊళ్లో పశువులకి సూదులు వేసే ఒకాయన ఉండేవాడు. డాక్టర్ కాదు. ఆయన వచ్చి చూసి "పిడుదుల జ్వరం, ఎన్ని చూళ్లేదు" అని ఇంజెక్షన్ చేసి వెళ్లిపోయాడు. థర్మామీటర్ పెట్టలేదు. రక్తం తీయలేదు. నాలుగో రోజు పొద్దున గేదె లేవలేదు.

తర్వాత ఒక పశువుల డాక్టర్‌ గారు వేరే పని మీద మా వీధికి వచ్చినప్పుడు అమ్మమ్మ ఆయనకి ఇదంతా చెప్పింది. ఆయన మూడే మూడు ప్రశ్నలు అడిగారు. ఈని ఎన్ని రోజులైంది? ఏం మేపుతున్నారు? ఒళ్లు కాలిందా? 20 రోజులైంది, ఎక్కువగా వరిగడ్డే, ఒళ్లు మామూలుగానే ఉంది అని అమ్మమ్మ చెప్పింది. ఆయన కాసేపు ఆగి, "అది పిడుదుల జ్వరం కాకపోయి ఉండొచ్చమ్మా. భాస్వరం తగ్గి అయ్యుండొచ్చు. రక్తం చూసుంటే తేలిపోయేది" అన్నారు.

ఆ "అయ్యుండొచ్చు" అనే మాట నాకు ఇప్పటికీ గుర్తే. రక్తం తీయలేదు కాబట్టి అసలు కారణం ఏంటో మాకు ఎప్పటికీ తెలియదు. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ఒక్క మాట గురించే.

ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి. వాటి లోపల హీమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం ఉంటుంది. ఆక్సిజన్ మోసేది అదే. కణం బాగున్నంత కాలం ఆ ఎరుపు లోపలే ఉంటుంది. ఒకేసారి లక్షల కణాలు పగిలిపోతే హీమోగ్లోబిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి. అప్పుడు మూత్రం ఎర్రగా, ముదిరితే కాఫీ రంగులో వస్తుంది.

కానీ మూత్రం ఎర్రగా రావడానికి ఇంకో దారి కూడా ఉంది. మూత్రాశయంలోనో కిడ్నీలోనో పుండు పడి, అక్కడి నుంచి నేరుగా రక్తం కారినా ఎర్రగానే వస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే. లోపల జరిగేది పూర్తిగా వేరు.

ఈ రెండిటికీ తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పని ఉంది. మూత్రాన్ని ఒక తెల్ల సీసాలో పట్టి, కదపకుండా కొన్ని గంటలు పక్కన పెట్టండి. ఎర్రటి మడ్డి అడుగున పేరుకుని పైన నీరు తేటగా అయితే, కణాలు పగలకుండానే బయటికి వచ్చాయని, అంటే ఎక్కడో రక్తం కారుతోందని అనుమానించాలి. అడుగున ఏమీ దిగకుండా పైనుంచి కిందిదాకా ఒకే రంగు ఉంటే, కణాలు లోపలే పగిలిపోతున్నాయని అనుమానించాలి. ఇదే ఫైనల్ టెస్ట్ కాదు. కానీ డాక్టర్‌కి ఆ సీసా చూపిస్తే ఆయనకి సగం టైమ్ కలిసొస్తుంది.

సరే, కణాలే పగులుతున్నాయనుకుందాం. పగలగొడుతున్నది ఎవరు? ఈ ప్రశ్న వెనక పడ్డ మనిషి దగ్గరికి వెళ్దాం. దీనికోసం ఒకసారి 1880ల నాటి అమెరికా వెళ్లి రావాలి. కంగారు పడకండి, తిరిగి బోనకల్ కే వస్తాం.

రైతుల మాట విన్న సైంటిస్ట్

ఆయన పేరు థియోబాల్డ్ స్మిత్. 1859లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్లు కాబట్టి రాబర్ట్ కాఖ్ జర్మన్‌లో రాసిన పరిశోధనలు నేరుగా చదువుకుని సూక్ష్మజీవుల పని నేర్చుకున్నాడు. అంటే ఇవాళ మనం డాక్యుమెంటేషన్ చదివి కొత్త లాంగ్వేజ్ నేర్చుకున్నట్టు. 1883లో మనుషుల డాక్టర్‌గా పట్టా తీసుకున్నాడు, కానీ ప్రాక్టీస్ పెట్టలేదు. 1884లో అమెరికా వ్యవసాయ శాఖలో పశువుల వ్యాధుల మీద పనిచేసే కొత్త విభాగంలో చేరాడు.

అక్కడ ఆయన బాస్ పేరు డేనియల్ సాల్మన్. 1885లో పందుల వ్యాధి మీద పనిచేస్తూ స్మిత్ ఒక బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. తర్వాత ఆ జాతికి వచ్చిన పేరు సాల్మొనెల్లా. అవును, బాస్ పేరు! కోడ్ రాసింది మనం, ప్రెజెంటేషన్‌లో పేరు మేనేజర్‌ది. ఐటీలో ఉన్నవాళ్లకి ఈ ఫీలింగ్ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో అమెరికా పశుపోషకులని వణికించిన జబ్బు టెక్సాస్ ఫీవర్. విచిత్రం ఏంటంటే, దక్షిణాది నుంచి తోలుకొచ్చిన పశువులు చూడ్డానికి నిక్షేపంగా ఉంటాయి. కానీ అవి మేసిన బీట్లో ఉత్తరాది పశువులు మేస్తే కొన్ని వారాలకి జ్వరం, ఎర్ర మూత్రం, చావు. జబ్బు తెచ్చిన పశువుకి ఏమీ కాదు, స్థానిక పశువు చచ్చిపోతుంది. భయంతో కొన్ని రాష్ట్రాలు టెక్సాస్ పశువులు రాకుండా చట్టాలే చేశాయి.

పశువులు తోలేవాళ్లు ఎప్పటి నుంచో ఒక మాట అంటున్నారు, "ఇది పిడుదుల వల్లే" అని. చదువుకున్నవాళ్లు నవ్వారు. పురుగు కుడితే జబ్బు అంటుకోవడం ఏంటి అని. స్మిత్ నవ్వలేదు. నిజమో కాదో పరీక్ష పెట్టి చూద్దాం అన్నాడు.

1889 వేసవిలో ఆయన, పశువైద్యుడు కిల్‌బోర్న్ కలిసి వాషింగ్టన్ దగ్గరి ప్రయోగ క్షేత్రంలో కంచెలు వేసి మళ్లు కట్టారు. ఒక మడిలో పిడుదులున్న దక్షిణాది పశువులని, ఉత్తరాది పశువులని కలిపి ఉంచారు. ఇంకో మడిలో దక్షిణాది పశువుల ఒంటి మీది పిడుదులని చేత్తో ఒక్కొక్కటే ఏరేసి, ఆ తర్వాత ఉత్తరాది పశువులతో కలిపారు. మరో మడిలో దక్షిణాది పశువులే లేవు, గడ్డిలో పిడుదులు మాత్రం వదిలారు.

రిజల్ట్? పిడుదులున్న మడిలో ఉత్తరాది పశువులకి జబ్బు వచ్చింది. పిడుదులు ఏరేసిన మడిలో రాలేదు. పశువు లేకుండా పిడుదులు మాత్రమే ఉన్న మడిలోనూ వచ్చింది! సాఫ్ట్‌వేర్‌లో మనం బగ్ పట్టుకునేది ఇలాగే కదా. ఒక్కో భాగాన్ని తీసేసి రన్ చేసి, ఏది తీస్తే ఎర్రర్ పోతుందో చూస్తాం.

స్మిత్ అక్కడితో ఆగలేదు. జబ్బు పడ్డ పశువుల రక్తం తీసి, ఎర్ర కణాలు లెక్కపెట్టాడు. వాటి సంఖ్య దారుణంగా పడిపోతోంది. మైక్రోస్కోప్‌లో చూస్తే కణం లోపల చిన్న బేరిపండు ఆకారంలో జంటగా రెండు జీవులు కనిపించాయి. ఇవాళ మనం వాటిని బెబీసియా అంటున్నాం. అంతకు ముందే, 1888లో, రొమేనియాలో విక్టర్ బాబెష్ అనే శాస్త్రవేత్త పశువుల రక్తంలో ఇలాంటి జీవులని చూశాడు కాబట్టి ఆయన పేరు పెట్టారు.

ఇంకో షాక్ ఏంటంటే, ల్యాబ్‌లో గుడ్ల నుంచి అప్పుడే పొదిగిన పిడుదు పిల్లలని ఆరోగ్యంగా ఉన్న పశువు మీద వదిలినా జబ్బు వచ్చింది. ఆ పిల్లలు అప్పటిదాకా ఏ పశువునీ కుట్టలేదు. అంటే జబ్బు తల్లి పిడుదు నుంచి గుడ్డులోకే దిగిపోతోంది. ఒక ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. బీడు మొత్తం ఎందుకు అంటుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా?

1893లో స్మిత్, కిల్‌బోర్న్ దీన్నంతా రిపోర్టుగా అచ్చు వేశారు. పురుగు కాటుతో ఒక పరాన్నజీవి వెన్నెముక ఉన్న జంతువులకి జబ్బు తెస్తుందని ప్రయోగాలతో గట్టిగా నిరూపించిన తొలి పని ఇదే. 1906లో అమెరికా పిడుదుల నిర్మూలన మొదలుపెట్టి, 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ తప్ప మిగతా దేశమంతా పూర్తి చేసింది. స్మిత్ తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1898లో మనుషుల క్షయ క్రిమి వేరు, పశువుల క్షయ క్రిమి వేరు అని తేల్చాడు. 1915లో రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ప్రిన్స్‌టన్‌లో పెట్టిన యానిమల్ పాథాలజీ విభాగానికి అధిపతి అయ్యాడు. 1934లో చనిపోయాడు. సుమారు 50 ఏళ్ల కెరీర్.

మరి మన దగ్గర?

1893 తర్వాత నాలుగేళ్లకి, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఇది స్కూల్లో అందరం చదివాం. స్కూల్లో చెప్పనిది ఇంకోటి ఉంది. దోమ నుంచి మలేరియా ఎలా అంటుకుంటుందో పూర్తి చక్రాన్ని రాస్ 1898లో కలకత్తాలో తేల్చింది మనుషుల మీద కాదు, పిచ్చుకల లాంటి పక్షుల మీద. పక్షి రక్తం చదివి మనిషి జబ్బు గుట్టు విప్పాడు.

అంతకంటే ముందు, 1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు ఉండేవాడు. గుర్రాలు, ఒంటెలు రక్తహీనతతో చిక్కి చచ్చిపోతున్నాయి. అక్కడివాళ్లు ఆ జబ్బుని సర్రా అనేవాళ్లు. ఎవాన్స్ వాటి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే పాములా మెలికలు తిరుగుతున్న జీవులు కనిపించాయి. జబ్బుకి కారణం ఇవే అన్నాడు. పెద్దలు నమ్మలేదు. ఇలాంటివి ఎలుకల రక్తంలోనూ ఉంటాయి, హాని చేయవు అనేది అప్పటి నమ్మకం. ఎవాన్స్ ఆ రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకి ఎక్కించి, జబ్బు వస్తుందని చూపించాడు. ఇవాళ ఆ క్రిమి పేరు ట్రిపనోసోమా ఎవాన్సీ. ఈసారి పేరు కరెక్ట్ మనిషికే దక్కింది!

ఈ సర్రా ఇప్పటికీ మన పశువుల్లో ఉంది. జోరీగలు ఒక పశువుని కుట్టి, రక్తం అంటిన నోటితో ఇంకో పశువుని కుట్టి దాన్ని మోస్తాయి. "పశువుల జబ్బే కదా, మనకేంటి" అనుకుంటున్నారా? 2004లో మన ఆదిలాబాద్ వైపు సరిహద్దుకి ఆవల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకి జ్వరం వచ్చి పోతూ, మళ్లీ వస్తూ ఉంది. ఆయన రక్తంలో ఈ క్రిమి కనిపించింది. దీన్ని మనిషిలో అనుమానానికి తావు లేకుండా పట్టుకున్న తొలి కేసు అదే. మామూలుగా మన రక్తంలో ఉండే ఒక ప్రోటీన్ ఈ క్రిమిని చంపేస్తుంది. ఆ రైతు శరీరంలో జన్యు లోపం వల్ల పనిచేసే ఆ ప్రోటీన్ లేదు. మందుతో ఆయన కోలుకున్నాడు. కానీ ఆయన ద్వారా మిగతా మనందరినీ ఇన్నాళ్లూ కాపాడుతున్నది ఏంటో సైన్సుకి తెలిసింది.

అమ్మమ్మ గేదె దగ్గరికి మళ్లీ

ఇప్పుడు అసలు పాయింట్. స్మిత్ కథ విన్నాక "ఎర్ర మూత్రం అంటే పిడుదులే" అని ఫిక్స్ అయిపోతాం. మా ఊళ్లో ఆ సూదుల ఆయన చేసింది కూడా అదే. పాఠంలో సగమే పట్టుకున్నాడు.

ఎర్ర కణానికి ఒక బ్యాటరీ ఉంటుంది అనుకోండి. దాని పేరు ఏటీపీ. కణం పైపొర గట్టిగా ఉండాలంటే ఈ ఏటీపీ తయారవుతూ ఉండాలి. ఏటీపీ తయారవ్వాలంటే భాస్వరం, అంటే ఫాస్ఫరస్ కావాలి. గేదె ఈనగానే పాలల్లోకి భాస్వరం భారీగా వెళ్లిపోతుంది. మేతలో వరిగడ్డి తప్ప ఇంకేం లేకపోతే, అందులో భాస్వరం చాలా తక్కువ. ఖర్చు ఎక్కువ, జమ తక్కువ. రక్తంలో భాస్వరం పడిపోతుంది, బ్యాటరీ డౌన్ అవుతుంది, పైపొర బలహీనమై కణాలు టపటపా పగిలిపోతాయి. క్రిమి లేదు, పిడుదు లేదు. అయినా మూత్రం కాఫీ రంగే.

ఇది ఎక్కువగా చూసేది బాగా పాలిచ్చే గేదెల్లో, మూడో ఈత దాటాక, ఈనిన మొదటి కొన్ని వారాల్లో. సాధారణంగా జ్వరం పెద్దగా ఉండదు. మా గేదెకి అన్నీ సరిపోయాయి. టైమ్‌కి పట్టుకుంటే డాక్టర్ భాస్వరం ఉన్న ఇంజెక్షన్ నరానికి ఇస్తారు, అవసరమైతే రక్తం కూడా ఎక్కిస్తారు. మందు ఖరీదు గేదె ఖరీదులో ఎన్నో వంతో కూడా కాదు.

అదే బెబీసియా అయితే? ఒళ్లు కాలిపోతుంది, 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోవచ్చు. దానికి పరాన్నజీవిని చంపే వేరే మందు. ఎలుకల మూత్రంతో పాకే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా వల్ల కూడా ఎర్ర మూత్రం వస్తుంది. దానికి యాంటీబయాటిక్. లక్షణం ఒకటే, కారణాలు మూడు, మందులు మూడు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. పోయిన టైమ్ తిరిగి రాదు.

పక్కనే ఇంకో జబ్బు ఉంది, థైలీరియోసిస్. ఇది ఎక్కువగా సంకర జాతి ఆవుల్ని, అంటే జెర్సీ, హెచ్‌ఎఫ్ క్రాసులని పట్టుకుంటుంది. దీన్నీ పిడుదులే మోస్తాయి, కానీ జాతి వేరు. ఈ క్రిమి ముందు తెల్ల రక్త కణంలోకి దూరి, దాని కంట్రోల్ తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ కణం క్యాన్సర్ కణంలా విభజన చెందుతూ పోతుంది. అచ్చం సిస్టమ్‌ని హైజాక్ చేసే మాల్వేర్ లాగా. భుజం ముందు బిళ్ల కట్టినట్టు వాపు వస్తుంది, జ్వరం దిగదు, తర్వాత రక్తం తగ్గిపోతుంది. ఇందులో మూత్రం సాధారణంగా ఎర్రగా రాదు. అందుకే రైతు ఆలస్యంగా గమనిస్తాడు.

ఈ జబ్బుకి టీకా తయారవుతున్నది మన హైదరాబాద్‌లోనే. ఎన్‌డీడీబీ పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కంపెనీ రక్షావ్యాక్ టి పేరుతో చేస్తుంది. ఆ హైజాక్ అయిన కణాలనే ల్యాబ్‌లో పెంచి పెంచి, క్రిమి బలహీనమయ్యాక టీకాగా వాడతారు. దాన్ని లిక్విడ్ నైట్రోజన్‌లో దాచాలి కాబట్టి మామూలు ఫ్రిజ్ సరిపోదు. టీకా ఉన్నా ప్రతి ఊరికీ సులువుగా చేరకపోవడానికి ఇదొక కారణం.

పాథాలజిస్ట్ అసలు ఏం చేస్తారు?

పాథాలజిస్ట్ అనగానే మనకి పోస్ట్‌మార్టం గుర్తొస్తుంది. అది కూడా చేస్తారు. కానీ బతికున్న పశువు రక్తం చదవడం కూడా వాళ్ల పనే.

చెవి కొసన సన్నని నరం నుంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద పెడతారు. ఇంకో పలకని ఏటవాలుగా ఆనించి, ఒక్క ఊపున ముందుకు నెట్టి పల్చటి పొరలా పరుస్తారు. ఆరాక మిథనాల్‌లో ముంచి, జీమ్సా అనే రంగు వేస్తారు. మైక్రోస్కోప్‌లో 1000 రెట్లు పెంచి చూస్తారు. బెబీసియా ఉంటే కణం లోపల జంట బేరిపళ్లు. సర్రా ఉంటే కణాల మధ్య మెలికలు తిరిగిన దారాలు. థైలీరియా ఉంటే కణాల్లో చిన్న ఉంగరాలు, చుక్కలు. ఏమీ కనిపించకపోయినా కణాలు తగ్గిపోయి ఉంటే, అది కూడా సమాచారమే. అప్పుడు భాస్వరం వైపు చూడాలి.

"మెషీన్ ఉంది కదా, దాంట్లో పెడితే రిపోర్ట్ వస్తుంది కదా" అంటారా? నేనూ అదే అనుకున్నా. కానీ మనిషి ఎర్ర కణం సైజు సుమారు 7 మైక్రాన్లు, మేకది సుమారు 4 మాత్రమే. మనుషుల కోసం సెట్ చేసిన మెషీన్ మేక ఎర్ర కణాలని సరిగ్గా లెక్కపెట్టలేదు. ఒంటె కణం గుండ్రంగా కాదు, కోలగా ఉంటుంది. కోడి ఎర్ర కణంలో కేంద్రకం ఉంటుంది, మనకి ఉండదు. ఇన్‌పుట్ ఫార్మాటే వేరైనప్పుడు ప్రోగ్రామ్ చెత్త అవుట్‌పుట్ ఇస్తుంది. అందుకే ఏ జంతువుకి ఏది నార్మల్ అనేది ముందు ఎవరో ఓపిగ్గా కూర్చుని లెక్కకట్టాలి. కాలిఫోర్నియాలో ఆస్కార్ షామ్ అనే ప్రొఫెసర్ ఆ పని చేసి 1961లో వెటర్నరీ హెమటాలజీ పుస్తకం వేశాడు. 1986లో దాని నాలుగో ఎడిషన్‌ని తిరగరాసింది నేమి సి. జైన్. ఇవాళ్టికీ పశువుల రక్తం చదివేవాళ్ల టేబుల్ మీద ఆ పుస్తకం కొత్త ఎడిషన్లు ఉంటాయి.

ఈ లైన్‌లోకి వెళ్లాలంటే

బైపీసీ తర్వాత బీవీఎస్సీ. ఐదున్నరేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. తెలంగాణలో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కింద రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరు కాలేజీలు ఉన్నాయి. ఆంధ్ర వైపు తిరుపతి, గన్నవరం లాంటివి ఉన్నాయి. గన్నవరం మా బోనకల్ వాళ్లకి దగ్గరే. తర్వాత రెండేళ్లు ఎంవీఎస్సీ, పాథాలజీలో. ఆపైన పీహెచ్‌డీ. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న ఐవీఆర్‌ఐ ఈ రంగంలో దేశంలోనే పెద్ద సంస్థ. 1889లో పుణెలో చిన్న ల్యాబ్‌గా మొదలైంది అది.

ఉద్యోగాలు యూనివర్సిటీల్లో, జబ్బు నిర్ధారణ ల్యాబుల్లో, టీకా కంపెనీల్లో ఉంటాయి. ఇంకోటి చాలామందికి తెలియదు. కొత్త మందు మనుషులకి ఇచ్చే ముందు జంతువుల మీద పరీక్షిస్తారు కదా, ఆ జంతువుల కణజాలం, రక్తం చూసి "ఇది సేఫ్, ఇది కాదు" అని చెప్పేది వెటర్నరీ పాథాలజిస్టే. ఫార్మా కంపెనీలు ఇన్ని ఉన్న హైదరాబాద్‌లో ఆ పనికి విలువ ఉంది.

ఒక్కటి మాత్రం ఓపెన్‌గా చెప్తా. ఇందులో వైరల్ అవ్వడాలు ఉండవు. స్లైడ్ తర్వాత స్లైడ్, గంటలు గంటలు చూడాలి. స్మిత్ పిడుదులు చేత్తో ఏరించాడు, గుర్తుందిగా? ఆ ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

ఇప్పుడు మీరు చేయాల్సింది

ఫోన్ తీసి నోట్ చేసుకోండి. అమ్మానాన్నలకి ఫార్వర్డ్ చేయండి.

ఒకటి. మూత్రం రంగు మారితే ఫోటో తీయండి, తెల్ల సీసాలో పట్టి పెట్టండి. ఒంటి మీద పిడుదులు ఉంటే వాటి ఫోటో కూడా తీయండి.

రెండు. థర్మామీటర్ ఇంట్లో ఉంచుకోండి. జ్వరం ఉందా లేదా అన్నది మొదటి క్లూ.

మూడు. ఏ ఇంజెక్షన్ అయినా వేసే ముందు రక్తం తీయమని అడగండి. మందు పడ్డాక తీస్తే క్రిమి కనిపించకపోవచ్చు. ఊదా రంగు మూత ఉన్న గొట్టంలో రక్తం గడ్డకట్టదు. దాన్ని ఐస్ పక్కన చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. ఎక్కడికి పంపాలో మీ మండల పశువుల డాక్టర్ చెప్తారు.

నాలుగు. డాక్టర్ దగ్గర్లో లేకపోతే తెలంగాణలో 1962కి కాల్ చేయండి. ఫ్రీ నంబర్, మొబైల్ పశువైద్య వాహనం కోసం.

ఐదు. డాక్టర్ అడగక ముందే చెప్పండి: ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులు, ఏం మేత. వరిగడ్డితో పాటు తవుడు, మినరల్ మిక్చర్ పెడుతున్నారో లేదో కూడా చెప్పండి. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది.

సిటీలో కుక్కని పెంచుకునేవాళ్లకి కూడా ఒక మాట. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి, ముక్కు నుంచి రక్తం కారుతుంటే అది ఎర్లీకియా కావొచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. "ఎండకి అలా అయ్యింది" అని ఆగకండి, అదే రోజు రక్తం టెస్ట్ చేయించండి. మనుషుల ట్యాబ్లెట్లు సొంతంగా వేయకండి.

చివరిగా. ఆ గేదె పోయిన ఏడాది మా ఇంట్లో ఫీజు కోసం అప్పు చేశారు. నాకు ఆ విషయం జాబ్ వచ్చాక తెలిసింది. ఆ సూదుల ఆయన మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికి కూడా "రక్తం చూశారా?" అని అడగాలని తెలియదు. నాకూ తెలియదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ పెట్టుకుని, హాస్టల్‌లో కూర్చుని, "సరేలే అమ్మమ్మా, ఇంజెక్షన్ చేశారుగా, తగ్గిపోద్దిలే" అన్నది నేనే.

ఇప్పుడు అమ్మమ్మ దగ్గర ఇంకో గేదె ఉంది. మొన్న దానికి ఒంట్లో బాగోలేదని ఎవరో సూది పట్టుకుని వస్తే, గడప దగ్గరే ఆపి అడిగిందట, "ముందు రక్తం తీస్తావా, జ్వరం చూస్తావా?" అని. ఆయన ఏం మాట్లాడకుండా 1962కి ఫోన్ చేశాడట.

అంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో పాడి ఉంటే ఈ ఎపిసోడ్ ఇవాళే వాళ్లకి వినిపించండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. నమస్తే!